పైన్–గట్టికలప మిశ్రమ అడవులు

పైన్ వృక్షాలు, ఓక్ వంటి గట్టికలప వృక్షాలు కలిసి పెరిగే అడవులను పైన్–గట్టికలప మిశ్రమ అడవులు అంటారు. పైన్ వివృతబీజ వృక్షం. దీని ఆకులు సూదులవలె ఉంటాయి. ఓక్ ఆవృతబీజ వృక్షం. దీని ఆకులు వెడల్పుగా ఉంటాయి. భారతదేశంలో ఈ అడవులను ముఖ్యంగా హిమాలయాలలోను, మేఘాలయ కొండలలోను చూడవచ్చు.

రకాలు

* సాల్–చిర్ పైన్ అడవులు: ఇవి హిమాలయాల దిగువ వాలులలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున కలవు. సాల్‌ను తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు.
* చిర్ పైన్–బాంజ్ ఓక్ అడవులు: ఉత్తరాఖండ్‌లో సుమారు 1500 నుండి 2000 మీటర్ల మధ్య పెరుగుతాయి.
* కైల్ పైన్–ఓక్ అడవులు: ఇంకా ఎత్తైన చోట కైల్ పైన్, దేవదారు, మోరు ఓక్, ఖర్సు ఓక్ కలిసి ఉంటాయి.
* ఖాసీ పైన్ అడవులు: మేఘాలయలో ఖాసీ పైన్‌తో పాటు షీమా, కాస్టనాప్సిస్, ఓక్ వృక్షాలు పెరుగుతాయి.

చిర్, ఖాసీ పైన్‌లకు సూదులు మూడేసి చొప్పున, కైల్‌కు ఐదేసి చొప్పున గుత్తులుగా ఉంటాయి. ఈ గుర్తుతో వీటిని వేరుచేయవచ్చు. చిర్ పైన్ శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గై. పూర్వం సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ గౌరవార్థం ఈ పేరు పెట్టబడింది.

ఇతర మొక్కలు

చిర్–బాంజ్ అడవులలో బురాంశ్, కాఫల్, అయార్ అనే చిన్న వృక్షాలు కనిపిస్తాయి. వసంతంలో ఎర్రని పూలు పూసే బురాంశ్ ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. దీని పూలతో షర్బత్ చేస్తారు. కాఫల్ పండ్లు తినదగినవి. కిల్మోరా, హిసాలు, ఘింగారు ముఖ్యమైన పొదలు. ఓక్ కొమ్మలపై నాచులు, ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు పెరుగుతాయి.

పైన్, ఓక్‌ల మధ్య పోటీ

చిర్‌కు ఎండ ఎక్కువగా కావాలి. మేతకు, వంటచెరకుకు ఓక్ కొమ్మలు విపరీతంగా నరికినచోట నేల ఎండకు తెరుచుకొని, చిర్ విత్తనాలు సులభంగా మొలకెత్తుతాయి. వేసవిలో రాలిన చిర్ సూదులు త్వరగా అంటుకుంటాయి. మందమైన బెరడు వలన పెద్ద చిర్ వృక్షాలు మంటలను తట్టుకోగలవు. ఓక్ మొలకలు మాడిపోతాయి. ఈ విధంగా మిశ్రమ అడవి క్రమంగా కేవలం పైన్ అడవిగా మారే అవకాశం ఉంది.

దీని భారం కొండ గ్రామాల స్త్రీలపై పడుతుంది. ఓక్ ఆకులు పశువులకు మేత, పొలాలకు ఎరువు. చిర్ సూదులను పశువులు మేయవు. ఓక్ తరిగిన కొద్దీ మేతకై మరింత దూరం నడవవలసి వస్తుంది. అయితే కలప, టర్పెంటైన్‌నిచ్చే రెసిన్ కారణంగా బ్రిటిష్ కాలపు అటవీశాఖ చిర్‌కే ప్రాధాన్యమిచ్చింది. 1921లో కుమావూన్ ప్రజలు అటవీ నిబంధనలను వ్యతిరేకిస్తూ చిర్ అడవులకు నిప్పు పెట్టారు. వారు వెడల్పాకు అడవుల జోలికి పోలేదని చరిత్రకారుడు రామచంద్ర గుహ పేర్కొన్నాడు.