కప్పకు గాజుటిల్లు

ముచ్చటకై కప్పను పెంచువారు నేడు దానికమర్చు గాజుపెట్టె మూలమును వెదకినచో, అది జంతుశాస్త్రమున గాక, లండను నగరపు పొగకు మాడిపోవుచుండిన మొక్కలయందు కానవచ్చును. నథానియేల్ బాగ్‌షా వార్డు అను వైద్యుడు తన పెరటిలో ఫెర్న్ మొక్కలను పెంచబూని, కర్మాగారముల మసివలన అవి బ్రతుకకుండుటచే విసిగియుండెను. 1829లో ఆయన ఒక కీటకము ప్యూపాదశనుండి రెక్కలతో వెలువడుట చూడగోరి, దానిని తడిమట్టిగల సీసాలో నుంచి మూతవేయగా, ఆ మట్టినుండి ఒక ఫెర్న్ మొక్కయు, ఒక గడ్డిమొక్కయు తమంతట తామే మొలకెత్తెను. మట్టినుండి లేచిన ఆవిరి గాజునంటి, నీరై, మరల మట్టికే దిగుచుండుట ఆయన గమనించెను. 1833లో ఆ రీతిగ మూసిన గాజుపెట్టెలయందు సిడ్నీకి ఓడపై పంపిన మొక్కలు సజీవముగ గమ్యము చేరెను. 1842లో ఆయన ఈ విషయమును గ్రంథస్థము గావించెను. 1845లో బ్రిటనులో గాజుపై సుంకము రద్దగుటతో అట్టి పెట్టెలు గృహాలంకారములై వ్యాపించుటకు మార్గము సుగమమయ్యెను.

అంతకుముందు కప్పకు మనుష్యులు కల్పించిన వసతి దయనీయమైనది. జర్మనుదేశమున చెట్టుకప్పను సీసాలో బంధించి, అందొక చిన్న నిచ్చెన నుంచి, అది పైకెక్కిన ఎండయనియు, క్రిందికి దిగిన వానయనియు జోస్యము చెప్పుకొనెడివారు. బంధింపబడిన ప్రాణుల వసతి మారుట జంతుప్రదర్శనశాలలయందు కానవచ్చెను: 1849లో లండను జంతుప్రదర్శనశాల సరీసృపములకు ప్రత్యేకభవనమును తెరచెను. అచ్చటనే 1927లో జోన్ బీచం ప్రోక్టర్ రూపకల్పనచే వెలసిన నూతన భవనమున, ఆయా గదులకు వేర్వేరుగ వేడిమియు, అతినీలలోహిత కిరణములను లోనికి రానిచ్చు గాజును అమర్చబడుటతో, ప్రేక్షకుని కంటికింపైన పెట్టెకంటె ప్రాణికి హితమైన పెట్టెయే మేలను భావము బలపడెను.

కప్ప నోటితో నీరు త్రాగదు. చర్మముతోనే పీల్చుకొనును, చర్మముతో కొంత శ్వాసించును. కావున నీటిలోని క్లోరిన్, మలమునుండి పుట్టు అమోనియా, సబ్బుజాడ గల చేతిస్పర్శ, ఇవన్నియు నేరుగ దాని దేహమున ప్రవేశించును. ఫెర్న్ మొక్కకు చాలిన మూసినపెట్టె కప్పకు చాలకపోవుటకు కారణమిదియే: తేమ నిలువవలెను గాని గాలి మురుగరాదు. అందుచే మూతకు జాలీయు, అడుగున నీరు దిగుటకు గులకరాళ్ల పొరయు, దానిపై రసాయనిక ఎరువులు కలపని మట్టియు, దాగుటకు ఆకులును, దినదినము మార్చెడి క్లోరిన్ లేని నీటిపళ్లెమును కావలెను. చెట్టుకప్పకు ఎత్తును, నేలకప్పకు వైశాల్యమును ముఖ్యములు.

శుభ్రత ఎంత ప్రాణప్రదమో 1999లో తేటతెల్లమయ్యెను. వాషింగ్టను జంతుప్రదర్శనశాలలో మరణించిన ఒక నీలికప్ప చర్మమునుండి వేరుచేసిన శిలీంధ్రమును శాస్త్రజ్ఞులు ఆ యేట నామకరణముతో వర్ణించిరి. ఉభయచరముల అనేకజాతుల క్షయమునకు అది హేతువని తరువాత రుజువయ్యెను. కావున క్రొత్తగా తెచ్చిన కప్పను కొన్నాళ్లు వేరుగ నుంచవలెను; పెంపుడుకప్పను గాని, దాని పెట్టెలోని మురికినీటిని గాని చెరువులో ఎన్నడును విడువరాదు. ఇంతటి శ్రద్ధ వహింపజాలనివారు వానకాలపు గుంటయందే కప్పను చూచి సంతసించుట ఉభయులకును శ్రేయస్కరము.