ఇసుక తిన్నెలపై వాహన చోదనం

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనాన్ని ఎడారి ఇసుక దిబ్బల మీద నడపడాన్ని ఇసుక తిన్నెలపై వాహన చోదనం అంటారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్, సౌదీ అరేబియా దేశాలలో ఇది ప్రజాదరణ పొందిన వినోదం. రబ్ అల్ ఖాలీ ఎడారి అంచున గల లివా, దుబాయి-హత్తా మార్గంలోని బదాయర్ తిన్నెలు ఇందుకు ప్రసిద్ధి చెందినవి. రాజస్థాన్ లోని జైసల్మేరు సమీపాన సమ్ తిన్నెలపై జీపు సవారీలు జరుగుతాయి.

చరిత్ర

బ్రిటిషు సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ (1896-1990) 1920, 1930 దశకాలలో ఫోర్డు కార్లతో లిబియా ఎడారిని అన్వేషించాడు. టైర్లలో గాలి తగ్గించడం, కూరుకుపోయిన చక్రాల కింద ఉక్కు పలకలు పరచడం వంటి పద్ధతులను ఆయన బృందం వ్యాప్తిలోకి తెచ్చింది. ఇసుక కదలికపై ఆయన రచించిన శాస్త్రగ్రంథం 1941లో వెలువడింది. 1978లో మొదలైన డకార్ ర్యాలీ 2020 నుండి సౌదీ అరేబియాలో జరుగుతున్నది.

తిన్నె స్వరూపం

గాలి వీచే వైపు తిన్నె వాలు తక్కువగా, ఇసుక కొంత గట్టిగా ఉంటుంది. గాలికి కొట్టుకువచ్చిన రేణువులు శిఖరం దాటి జారిపడడం వలన అవతలి వైపు వాలు 30 నుండి 34 డిగ్రీల వరకు ఉంటుంది; అక్కడి ఇసుక వదులుగా ఉంటుంది. శిఖరం చేరేవరకు అవతలి పల్లం చోదకునికి కనబడదు. మిట్టమధ్యాహ్నం నీడలు లేనందున ఎత్తుపల్లాలు పోల్చుకోవడం మరింత కష్టం.

టైర్లలో గాలి

రోడ్డుపై చదరపు అంగుళానికి 30-35 పౌండ్లుండే పీడనాన్ని ఇసుకలో సుమారు 15 పౌండ్లకు తగ్గిస్తారు. అప్పుడు టైరు నేలను తాకే భాగం పొడవు పెరిగి, బరువు ఎక్కువ మేరకు పంచబడుతుంది. చక్రం లోతుగా దిగదు. అయితే వేగంగా మలుపు తిప్పితే టైరు చక్రం నుండి ఊడిపోవచ్చు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి తప్పక నింపాలి.

తొలిసారి నడిపేవారికి

కొత్తవారు ఒంటరిగా వెళ్ళరాదు. అనుభవజ్ఞుని వాహనం వెనుక, తగినంత ఎడంతో, అదే జాడలో నడపాలి. తిన్నెను ఎక్కేటపుడు ఒకే వేగం నిలుపుకొని, శిఖరం సమీపించగానే తగ్గించాలి. దిగేటపుడు వాహనం నిటారుగా కిందికి చూస్తుండాలి. అడ్డంగా తిరిగితే పల్టీ కొట్టే ప్రమాదమున్నది. ఎక్కలేకపోతే మలుపు తిప్పక, వచ్చిన జాడలోనే వెనుకకు దిగాలి. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రాల ముందు ఇసుక పోగుపడుతుంది. కనుక యాక్సిలరేటరు వదలి, వాలు కిందికి ఉన్నచోట ఆపడం మంచిది.

వాహనం కూరుకుపోయినపుడు చక్రాలను తిప్పినకొద్దీ ఇంకా లోతుకు దిగుతుంది. వెంటనే ఆపి, చక్రాల చుట్టూ ఇసుక తవ్వి, గాలి మరికొంత తగ్గించి, మెల్లగా వెనుకకు తీయాలి. పార, పీడన మాపకం, గాలి పంపు, లాగుడు పట్టీ, సమృద్ధిగా నీరు వెంట ఉండాలి. సీటు బెల్టు తప్పనిసరి. దారి తప్పినవారు వాహనాన్ని విడిచి నడచిపోరాదు. మనిషికంటె వాహనం దూరానికి సులభంగా కనబడుతుంది, నీడ కూడా ఇస్తుంది.

పర్యావరణం

చక్రాల కింద ఎడారి మొక్కలు, చిన్న జీవుల కలుగులు నశిస్తాయి. ఎమిరేట్స్ జాతీయ వృక్షమైన ఘాఫ్ మరేదో కాదు, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి చెట్టే. దీని వేళ్ళు ఇసుకను పట్టి ఉంచుతాయి. అందువలన చెట్లున్న చోట్లను తప్పించి నడపడం చోదకుల బాధ్యత.