సిమెంటు కల్లం పగుళ్లు: వానలకు ముందే పూడ్చుకోండి

కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతానికి మించకూడదు. అందుకే ఆరబెట్టుకోవడానికి కల్లం ఎంతో అవసరం. కల్లం పగిలితే ధాన్యం సందుల్లో చేరి పోతుంది, ఎత్తేటప్పుడు మట్టిపెళ్లలు కలుస్తాయి, పగుళ్లలో మిగిలిన గింజల్లో పురుగు చేరుతుంది. చివరికి తారురోడ్డు మీద ఆరబోయాల్సి వస్తుంది. అది ప్రమాదాలకు దారితీస్తుంది.

యాసంగి ధాన్యం ఎత్తగానే, తొలకరికి ముందే మరమ్మతు ముగించండి.

ముందు నీటి దారి చూడండి

కల్లాన్ని ఎక్కువగా దెబ్బతీసేది అడుగున చేరే నీరు. పగులులోంచి దిగిన నీరు కింది మట్టిని మెత్తబరుస్తుంది, బరువు పడగానే పలక కుంగుతుంది. అందుకే నీటి సంగతి చూడకుండా పైన సిమెంటు పూస్తే ఎక్కువ కాలం నిలవదు.

• నాలుగైదు బిందెల నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తుపెట్టుకోండి.
• అంచుల కింద మట్టి కొట్టుకుపోతే మొరం (గ్రావెల్) నింపి, తడిపి, దిమ్మిస కొట్టండి.
• వాన నీరు కల్లం వైపు రాకుండా చుట్టూ చిన్న కాలువ తీయండి.
• ఇనుప కడ్డీతో తట్టినప్పుడు గుల్లగా మోగితే అడుగు ఖాళీ అయినట్టే. ఆ భాగం పగలగొట్టి, అడుగు గట్టిచేసి, కొత్తగా కాంక్రీటు వేయించాలి. పైపూత చాలదు.

పగులును బట్టి పని

వెంట్రుకంత సన్నని పగులు: ఇనుప బ్రష్‌తో రుద్ది, దుమ్ము కడిగి, తడిగా ఉండగానే చిక్కటి సిమెంటు పాలు పట్టించండి.

అంతకన్నా వెడల్పు పగులు: ఉలి, సుత్తితో అంగుళం లోతు వరకు చెక్కి, వదులుగా ఉన్న ముక్కలన్నీ తీసేయండి. కడిగి, తడిపి, సిమెంటు పాలు పూసిన వెంటనే 1 పాలు సిమెంటు, 3 పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన ముద్దను తాపీతో గట్టిగా నొక్కి నింపండి. నీళ్లు ఎక్కువ పోస్తే ఆరాక మళ్లీ పగులుతుంది.

పలకల మధ్య వదిలిన సందులు: ఇవి పగుళ్లు కావు, ఎండకు కాంక్రీటు వ్యాకోచించడానికి వదిలినవి. వీటిని సిమెంటుతో నింపకండి. అనుభవం ఉన్నవారి చేత తారు పోయించండి. తారు పలకల మట్టం కన్నా కాస్త కిందే ఉండాలి, పైన పొడి ఇసుక చల్లాలి. ఆ సందుల మీద టార్పాలిన్ పరిచాకే ధాన్యం పోయండి.

తడి పెట్టడం మరవకండి

పని ఉదయం చల్లపూట గానీ సాయంత్రం గానీ చేయండి. మరుసటి రోజు నుంచి కనీసం 7 రోజులు తడి గోనె సంచులు కప్పి ఉంచండి. వేసవిలో ఒక్కరోజు ఎండినా మరమ్మతు దెబ్బతింటుంది. గడ్డకట్టిన పాత సిమెంటు వాడకండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, చేతికి తొడుగులు వేసుకోండి. ఒంటికి తగిలితే వెంటనే ఎక్కువ నీటితో కడగండి.

ఏటా గుర్తుంచుకోవాల్సినవి

• పలుచగా వేసిన కల్లం మీదకు ధాన్యం నింపిన ట్రాక్టరు ట్రాలీ ఎక్కించకండి. పక్కన ఆపి దించుకోండి.
• పగుళ్లలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా తీయండి. అంచున చెట్లు పెరగనివ్వకండి.
• పంటకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి కల్లమంతా తిరిగి చూడండి. సన్నని పగులుగా ఉన్నప్పుడే పూడిస్తే కొద్దిపాటి సిమెంటుతో సరిపోతుంది. పలక కుంగాక కొత్త కల్లం ఖర్చు తప్పదు.