పాత పికప్ ట్రక్కులో ఐడ్లింగ్ పెరగడం: కారణ నిర్ధారణ

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ తనంతట తాను నిలుపుకునే కనీస వేగం ఐడ్లింగ్. నాలుగు సిలిండర్ల పాత డీజిల్ పికప్‌లలో ఇది సాధారణంగా నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. సరైన అంకె ఆయా బండి మాన్యువల్‌లో దొరుకుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా 1,100, 1,200 దగ్గరే తిరుగుతుంటే లోపం ఉన్నట్టే. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఏపీ 10 నంబరు పలకతో, అంటే 2014లో తెలంగాణ ఏర్పడకముందు రిజిస్టరై, ఇంకా సరుకు మోస్తున్న పికప్ ఏదైనా దాదాపుగా డీజిల్ బండే అయి ఉంటుంది. ఈ ప్రాంతపు తేలిక ట్రక్కుల చరిత్ర కూడా డీజిల్‌దే: హైదరాబాద్ ఆల్విన్ 1980లలో నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో ఇలాంటి బండ్లు తయారుచేసింది, తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. లోపాన్ని వెతికే దారి ఇంధనాన్ని బట్టే మారుతుంది కాబట్టి ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

పెట్రోలు ఇంజిన్‌లో వేగాన్ని నడిపేది గాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు చిల్లు పడినా, వాక్యూమ్ గొట్టం ఊడినా లెక్కలోకి రాని గాలి లోపలికి చేరి ఐడ్లింగ్ పెరగవచ్చు. అందుకే ఐడ్లింగ్ అనగానే వాక్యూమ్ లీకు గురించి చెప్పడం అలవాటైంది. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ కావలసినదానికన్నా ఎక్కువ గాలే పీలుస్తుంది. దాని వేగాన్ని తేల్చేది ఇంజెక్షన్ పంపు ఎంత డీజిల్ కొట్టిందన్నదే. ఒక్క మినహాయింపు ఉంది. చాలా పాత పంపుల్లో కొన్నింటిలో, డీజిల్ మోతాదును అదుపుచేసే గవర్నర్ వాక్యూమ్‌తో పనిచేస్తుంది. దాని డయాఫ్రమ్ చిరిగినా, గొట్టం పగిలినా డీజిల్‌ను తగ్గించే శక్తి పోయి వేగం పెరుగుతుంది. అది తప్ప, డీజిల్ పికప్‌లో అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎక్కువ డీజిల్ బయటి ఆజ్ఞతో వస్తోందా, ఆజ్ఞ లేకుండా పంపు తానే కొడుతోందా?

దీనికి జవాబు పంపు లివర్ దగ్గర దొరుకుతుంది. ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, ఆపి, లివర్ నుంచి యాక్సిలరేటర్ కేబుల్ విప్పాలి. లివర్ వెనక్కి వచ్చి ఐడ్లింగ్ స్క్రూకు పూర్తిగా ఆనుకుందో లేదో కంటితో చూసి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. వేగం తగ్గితే పంపు నిర్దోషి. తుప్పుపట్టిన కేబుల్, లోపల మడతపడిన దాని తొడుగు, పెడల్ కింద చేరిన మ్యాటు, మరీ బిగువుగా పెట్టిన అడ్జస్ట్‌మెంట్, కొన్ని మోడళ్లలో చేతితో లాగే థ్రాటిల్ నాబ్, వీటిలో ఏదో ఒకటి లివర్‌ను పట్టి ఉంచుతోంది. కేబుల్ తీసినా లివర్ స్క్రూ దాకా రాకపోతే రిటర్న్ స్ప్రింగు సాగిపోయి ఉండవచ్చు, లేదా లివర్ ఇరుసు బిగుసుకుని ఉండవచ్చు. స్క్రూకు ఆనుకుని కూడా వేగం తగ్గకపోతే అప్పుడు పంపును అనుమానించాలి. ఇన్ని భాగాలను రెండు గుంపులుగా విడగొట్టే ఈ పరీక్షకు ఖర్చు లేదు. డ్యాష్‌బోర్డుపై ఆర్‌పీఎం మీటరు లేని బండిలో క్రాంక్ పుల్లీకి మెరిసే స్టిక్కరు అంటించి, కాంతితో కొలిచే టాకోమీటరు వాడాలి. చెవితో వేసే అంచనా యాభై, వంద చుట్లు తప్పవచ్చు.

ఐడ్లింగ్ స్క్రూ రెండు చుట్లు విప్పితే పని అయిపోతుంది కదా అని అడగవచ్చు. లివర్ స్క్రూకు ఆనుకుని ఉంటేనే వేగం తగ్గుతుంది, అప్పుడు కూడా కారణం కదలదు. పట్టుకున్న కేబుల్‌ను లెక్కలోకి తీసుకుని స్క్రూ తగ్గించిన బండిలో, కేబుల్ మార్చిన రోజున ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఆగిపోతుంది. పైగా ఐడ్లింగ్ స్క్రూకు దగ్గరలోనే గరిష్ఠ వేగపు స్క్రూ ఉంటుంది. ఒకటనుకుని మరొకటి తిప్పితే ఇంజిన్ పైవేగపు హద్దే మారిపోతుంది. బీఎస్ 4 కాలుష్య ప్రమాణానికి ముందటి డీజిల్ బండ్లకు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు హద్దుగా పెట్టిన పొగ పరీక్షను ఇంజిన్‌ను ఆ పైవేగం దాకా లేపి చేస్తారు కాబట్టి, ఈ పొరపాటు ఆ పరీక్షకే అడ్డం వస్తుంది. ఎక్కువ ఐడ్లింగ్ వల్ల నష్టమేమీ లేదనే వాదన అంతకన్నా బలహీనం. 800 చుట్ల దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో నిమిషానికి 1,600 సార్లు ఇంధనం మండుతుంది, 1,200 దగ్గర 2,400 సార్లు. ఆ ఖర్చుతో పాటు, ట్రాఫిక్‌లో కాలు తీసినా బండి ముందుకు తోసుకొస్తుంది, బ్రేకులు త్వరగా అరుగుతాయి, రివర్స్ గేరు గరగరలాడుతుంది.

చలి సాకు కూడా ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. కొన్ని రోటరీ పంపుల్లో మైనం వ్యాకోచంతో పనిచేసే కోల్డ్ స్టార్ట్ పరికరం ఉంటుంది. అది చల్లటి ఇంజిన్‌కు కాసేపు వేగం పెంచి, వేడెక్కగానే విడిచిపెట్టాలి. హైదరాబాద్ శీతాకాలంలో ఆ పని కొద్ది నిమిషాల్లో ముగియాలి. అరగంట నడిపాక కూడా వేగం అలాగే ఉంటే మైనం పరికరం బిగుసుకుపోయిందేమో చూడాలి. ఏసీ ఉన్న బండిలో వేగం పెంచే యాక్చుయేటర్‌నూ ఇలాగే చూడాలి.

వేగం ఎలా పెరిగిందన్నదీ ఆధారమే. కాలు తీశాక మెల్లగా దిగితే లివర్, స్ప్రింగుల వైపు చూడాలి. పైకీ కిందికీ ఊగిసలాడితే డీజిల్ పైపులో గాలి చేరిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. నిలకడగా ఎక్కువే ఉండి, లివర్ పరీక్ష కూడా పంపునే చూపితే గవర్నర్ స్ప్రింగు, అరిగిన లింకులు మిగులుతాయి. వాటిని రోడ్డు పక్కన విప్పకూడదు. టెస్ట్ బెంచ్ మీద కాలిబ్రేట్ చేసే పంపు వర్క్‌షాపుకే ఇవ్వాలి.

కీ తీసినా ఆగకుండా వేగం తనంతట తానే పెరిగిపోతుంటే అది ఐడ్లింగ్ సమస్య కాదు. టర్బో సీలు గుండా గానీ బ్రీదర్ పైపు గుండా గానీ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ ఉండవచ్చు. డిప్‌స్టిక్‌పై మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు నుంచి సంప్‌లోకి డీజిల్ కారుతోందేమో చూడాలి. అలా పెరిగిన మట్టం కూడా ఈ ప్రమాదానికి దారితీయగలదు. ఇంజిన్ అలా అదుపు తప్పినప్పుడు చేయి అడ్డుపెట్టకుండా గట్టి పలకతో గాలి దారి మూసేయాలి, లేదా బ్రేకు గట్టిగా తొక్కి పట్టి పై గేరులో క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపాలి.