నాందేడు: ప్లేగు ఎలుకల నుండి డెంగీ దోమల వరకు

నాందేడు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతాలలో నేటికీ తెలుగు వినబడుతుంది. కనుక అక్కడి అంటువ్యాధుల నివారణ చరిత్ర సరిహద్దుకు ఇరువైపుల వారికీ చెందినది.

1896లో బొంబాయిలో తలెత్తిన ప్లేగు క్రమంగా నిజాం రాజ్యంలోనూ ప్రవేశించింది. ఆనాడు పల్లెలు పాటించిన ఉపాయం, ఎలుకలు చచ్చి రాలగానే ఊరు విడిచి పొలాలలో గుడిసెలు వేసుకొనడం. దీనిని మూఢత్వమని కొట్టివేయరాదు. వ్యాధిని మనుషులకు చేర్చేది ఎలుక ఒంటిపై బ్రతికే మిన్నల్లి అనే రెక్కలు లేని పురుగు. ఎలుక చచ్చి చల్లబడగానే అది మనిషిని ఆశ్రయిస్తుంది. అందువల్లనే ప్లేగు సోకిన చోట బొరియలలో మొదట కీటకనాశక పొడి చల్లి, తరువాతనే ఎలుకలకు విషపు ఎర పెట్టాలి. వరుస తప్పితే మేలుకు మారుగా కీడు జరుగుతుంది.

1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతంలో భూకంపం సంభవించింది. మరుసటి ఏడు మరాఠ్వాడాలోని బీడు జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు కనిపించింది. పాడుబడిన ఇండ్లలో మిగిలిన ధాన్యంతో ఎలుకలు పెరగడమే ఇందుకు కారణమని పలువురు నిపుణులు అభిప్రాయపడ్డారు. తెలుగువారు పాతర అనీ, మరాఠీలు పేవ్ అనీ పిలిచే ధాన్యపు గొయ్యి ఉన్న పల్లెలకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

మలేరియా కథ వేరు. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలై గోడలపై డీడీటీ పిచికారి చేశారు. కుట్టిన దోమ గోడపై వాలి చస్తుందన్నది సూత్రం. అయితే దసరాకు, దీపావళికి గోడలు అలికితే, సున్నం వేస్తే మందు అడుగున పడిపోతుంది. పూజగదికి, వంటింటికి పిచికారి వద్దనేవారూ ఉన్నారు. దోమలు మందుకు లొంగకపోవడం, పనిలో అలసత్వం కూడా తోడై 1976లో దేశంలో 64 లక్షల కేసులు నమోదయ్యాయి.

నేటి బెడద డెంగీ. నీటి ఎద్దడి గల మరాఠ్వాడాలో ప్రతి ఇంటా డ్రమ్ములు, రాంజణాలు నిండుగా ఉంచుతారు. ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది అందులోనే. వీధిలో వదిలే పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది, పిల్లపురుగులను తాకదు. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం నుండి పది రోజులు పడుతుంది. కావున వారానికొకసారి పాత్రలు ఖాళీ చేసి, లోపలి అంచును గట్టిగా రుద్ది కడిగి, ఆరబెట్టి, మూత పెట్టాలి. పొగబండి వచ్చిందని ఈ పని మానరాదు.