ఉల్హాస్ లోయ రైలు లైను: కరెంటు, కులం, గ్యాంగుమన్

బొంబాయి దగ్గర కల్యాణ్ నుంచి కర్జత్ దాకా ఉల్హాస్ నది లోయలో సాగి, అక్కణ్ణించి భోర్ ఘాట్ ఎక్కి పుణే పోయే రైలు లైను మీద చరిత్రలు చాలానే వచ్చాయి. వాటిల్లో ఇంజనీర్లే నాయకులు. 1859లో కాంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ జబ్బుచేసి చనిపోతే భార్య ఆలిస్ ఘాట్ పని నడిపించిన సంగతి కథగా చెబుతారు. చెప్పాల్సిందే. మరి అదే ఘాట్‌లో కలరాతో, ప్రమాదాల్లో పోయిన వేలాదిమంది కూలీల పేర్లు ఎవరు రాసిపెట్టారు? కూలి డబ్బులు సరిగా ముట్టక 1859 జనవరిలో వాళ్లు తిరగబడ్డారు. అప్పటి కాంట్రాక్టరు ఫావియెల్ కొద్దినెలల్లోనే పని వదులుకున్నాడు. ఘాట్ దారి 1863లో తెరిచారు.

1929-30లో జీఐపీ రైల్వే ఈ లైనుకి 1500 వోల్టుల డీసీ కరెంటు పెట్టింది. 1930 జూన్ 1న దక్కన్ క్వీన్ బయల్దేరింది. అందులో మొదట ఫస్టు, సెకండు క్లాసులే. థర్డ్ క్లాసు 1955 దాకా లేదు. కంకర ఎగదోసి పట్టాలు సరిచేసే గ్యాంగుమన్, ఆ బండి వస్తుంటే పక్కకి తప్పుకుని నిలబడటమే తప్ప అందులో ఎక్కే మాటే లేదు.

ఆ గ్యాంగుమన్‌ది ఏ కులం? జవాబు అంబేడ్కర్ ఇచ్చారు. కల్యాణ్ దగ్గర చీలి నాసిక్ మీదుగా పోయే జీఐపీ లైనులోనే మన్మాడ్ ఉంది. 1938 ఫిబ్రవరిలో అక్కడ అణగారిన కులాల రైల్వే కార్మికుల మహాసభలో ఆయన మాట్లాడారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం కార్మికులకి ఇద్దరు శత్రువులన్న మాట అక్కడిదే. మన మీటింగుల్లో ఆ ఒక్క మాటే వల్లిస్తాం. దాని కింద ఆయన చూపించిన లెక్కని వదిలేస్తాం. నా దృష్టిలో అసలు సరుకు అదే.

అంటరాని కులాలవాళ్లు ఏళ్లతరబడి గ్యాంగుమన్లుగానే ఉండిపోతున్నారు, పైమెట్టు లేదు అన్నారాయన. కనీసం పోర్టరు కూడా ఎందుకు కాలేరు? పోర్టరు చేత స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయించుకుంటాడు. మాస్టరు సవర్ణుడు. అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వడు. అంటే రైల్వే ఉద్యోగానికి అర్హత మాస్టరు గడప కాడ తేలుతోందన్నమాట! వర్క్‌షాపుల్లోనూ అంతే: కూలీగా పనికొస్తాడు, మెకానిక్‌గా అరుదు.

కరెంటు బళ్లకీ మెకానిక్కులు, డ్రైవర్లు కావాలి. సరిగ్గా ఆ తలుపే మూసి ఉంది. దాన్ని మూసిన చేతుల్లో తోటి కార్మికులవీ ఉన్నాయి. యూనియన్ నాయకులు పెట్టుబడి మీద ఉపన్యాసాలిస్తారు గానీ కార్మికుల్లోని బ్రాహ్మణవాదం గురించి నోరు మెదపరని మన్మాడ్‌లో ఆయన నిలదీసింది అందుకే.