రెక్కలు కావాలి, కుటుంబం వొద్దు
మెక్సికో అభివృద్ధి చరిత్రలో బ్రాసెరోల చోటు

మన క్లాసురూముల్లో మెక్సికో పేరు రెండుచోట్లే వినపడుతుంది. రాజకీయ చరిత్రలో అయితే 1919లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ స్థాపనలో పాలుపంచుకున్న ఎం.ఎన్. రాయ్ దగ్గర. ఆర్థికశాస్త్రంలో అయితే హరితవిప్లవం దగ్గర. 1966లో మనదేశం మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించుకుంది. లెర్మా రోహో 64, సొనోరా 64 అన్నవి ఆ రకాల పేర్లు. సొనోరా మెక్సికోకు వాయవ్యాన వున్న రాష్ట్రం. విత్తనం మనదాకా వొచ్చింది, పేరూ వొచ్చింది. ఆ నేల ఎవరిదన్న సంగతి మాత్రం రాలేదు. ఆ విత్తనం తయారవుతున్న రోజుల్లోనే అక్కడి చిన్నరైతులు, కూలీలు లక్షల మంది పెళ్లాం పిల్లల్ని వొదిలి అమెరికా పొలాలకు ఎందుకు పోయారన్నదీ రాలేదు. ఈ రెంటినీ కలిపి చదవడమే ఈ వ్యాసంలో మేం చేస్తున్న ప్రయత్నం.

నేల ఎవరిది?

సొనోరాలో యాకీ నది వుంది. దాని లోయలో యాకీ ఆదివాసులు తరతరాలుగా సేద్యం చేశారు. 1876 నుంచి 1911 దాకా మెక్సికోను గుప్పిట్లో పెట్టుకున్న పోర్ఫిరియో డియాజ్ కాలంలో ‘ఖాళీ భూముల’ సర్వే చట్టం వొచ్చింది (1883). సర్వే చేసిన కంపెనీకి, కొలిచిన భూమిలో మూడోవంతు కూలి కింద దక్కేది. కాయితం లేని భూమి అంతా ఖాళీ భూమే అన్నారు. ఆదివాసి దగ్గర కాయితం ఎక్కణ్ణించి వొస్తుంది? తిరగబడిన యాకీలను 1900 తర్వాత వేలమందిని పట్టుకుని దేశం రెండోకొసన వున్న యుకతాన్ నార తోటలకు తోలారు. భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు పరాయి ఇళ్లల్లో. తప్పించుకున్నవాళ్లు సరిహద్దు దాటి అరిజోనాలో తలదాచుకున్నారు. వాళ్ల సంతతిని అమెరికా ప్రభుత్వం ఆదివాసి తెగగా గుర్తించింది 1978లో. మెక్సికో నుంచి ఉత్తరానికి పోయిన వలస కుటుంబాల గురించి మాట్లాడేటప్పుడు ముందు చెప్పుకోవలసింది వీళ్ల గురించి.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్లు దాటిన సరిహద్దు కూడా పాతది కాదు. 1848లో యుద్ధంలో ఓడిన మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు వొదులుకుంది. కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సాస్ అన్నీ అంతకుముందు మెక్సికోవే. ఆ సరిహద్దు దాకా 1884 నాటికి రైలుమార్గం పడింది. అభివృద్ధికి గుర్తుగా చెప్పుకున్న ఆ రైలే ఉత్తరానికి ఖనిజాన్నీ మోసింది, హసియెండాల్లో (దొరల పెద్ద జాగీర్లలో) అప్పులకింద నలిగిన కూలీలనూ మోసింది.

1910లో విప్లవం వొచ్చింది. 1911లో జపాతా భూమి కోసం తన ప్రణాళిక ప్రకటించాడు. 1919లో ఆయన్ని నమ్మించి చంపారు. అయినా 1917 రాజ్యాంగం 27వ అధికరణం, గ్రామానికి భూమిమీద హక్కు వుందని వొప్పుకోక తప్పలేదు. లాసరో కార్దెనాస్ అధ్యక్షుడుగా వున్న 1934-40 మధ్య 1 కోటి 80 లక్షల హెక్టార్ల దాకా భూమి పంచారు. ఊరి ఉమ్మడి పేరుమీద వుండే ఈ భూమినే ‘ఎహీదో’ అంటారు. అమ్మడానికి లేదు, తాకట్టుకు లేదు. యాకీ లోయలో కూడా 1937లో కొంతభూమి పేదలకు అందింది.

ఒక ఏడాది తేడా

1940 తర్వాత గాలి మారింది. ప్రభుత్వ డబ్బు పంచిన భూములకు కాకుండా వాయవ్యంలోని పెద్ద రైతుల ఆనకట్టలకు, కాలవలకు మళ్లింది. 1943లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో వ్యవసాయ పరిశోధన మొదలైంది. మరుసటేడు నార్మన్ బోర్లాగ్ వొచ్చాడు. యాకీ లోయ పొలాల్లోనే ఆ గోధుమ పండింది. నీళ్లు, ఎరువు, పెట్టుబడి వున్నవాడికి పనికొచ్చే విత్తనం అది. వానమీద ఆధారపడి కొండవాలుల్లో మొక్కజొన్న వేసుకునే రైతుకు దానివల్ల ఒరిగింది తక్కువ. 1956 నాటికి మెక్సికో గోధుమలో స్వయంసమృద్ధి సాధించింది. 1940 నుంచి 1970 దాకా ఏడాదికి సుమారు 6 శాతం పెరుగుదల. దీన్ని ‘మెక్సికో అద్భుతం’ అన్నారు.

ఈ అద్భుతానికి జోడీగా నడిచిన ఇంకో కార్యక్రమం వుంది. 1942 ఆగస్టులో, అంటే గోధుమ పరిశోధనకు ఒక ఏడాది ముందే, మెక్సికో, అమెరికా ప్రభుత్వాలు కూలీల ఒప్పందం చేసుకున్నాయి. స్పానిష్‌లో బ్రాసో అంటే చెయ్యి. బ్రాసెరో అంటే మన మాటలో రెక్కల కష్టం చేసేవాడు. యుద్ధకాలానికని మొదలైన ఈ ఏర్పాటు 1964 ఆఖరు దాకా సాగింది. మొత్తం 46 లక్షల దాకా కాంట్రాక్టులు రాశారు. ఒకే మనిషి అయిదారుసార్లు పోయిన సందర్భాలు వున్నాయి గనుక మనుషుల సంఖ్య ఇంతకన్నా తక్కువ. 1956లో ఒక్క ఏడాదే 4 లక్షల 45 వేల మంది పోయారు. హలిస్కో, మిచోఆకాన్, గ్వనహ్వాతో లాంటి రాష్ట్రాల నుంచి ఎక్కువమంది.

ఒప్పందం మగవాళ్లకే. కుటుంబాన్ని తీసుకుపోవడానికి లేదు. ఎంపిక ఎట్లా జరిగేదో చూడండి. ముందు ఊరి అధికారికి లంచమిచ్చి జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. భర్తీ కేంద్రం దాకా అప్పుచేసి పోవాలి. సొనోరాలోని ఎంపాల్మే కేంద్రంలో అయితే ముందు అక్కడి పెద్ద రైతుల చేలల్లో పత్తి తీసి చీటీ తెచ్చుకున్నవాడికే వరసలో చోటు. అంటే హరితవిప్లవం భూస్వామికి చవక కూలి, ఆ తర్వాత అమెరికా భూస్వామికి చవక కూలి. సరిహద్దులో బట్టలు విప్పించి పరీక్షించేవారు. అరచేతులు తడిమి కాయలు కాసి వున్నాయా లేదా అని చూసేవారు. మెత్తని చేతులైతే వెనక్కి. ఆ తర్వాత ఒంటిమీద డీడీటీ చల్లేవారు. 1956లో లియొనార్డ్ నాడెల్ తీసిన ఫొటోల్లో ఇదంతా కనపడుతుంది. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు మనిషి చేతులు చూడటం రెండు సర్కార్ల సంతకాల మీద జరిగింది.

మెక్సికో సర్కారుకు అసలు పట్టింపే లేదని చెప్పలేం. మెక్సికన్లమీద వివక్ష ఎక్కువని టెక్సాస్‌కు 1947 దాకా బ్రాసెరోలను పంపలేదు. గంటకు కనీసం 30 సెంట్ల కూలి అని కాయితంమీద రాయించింది. కానీ కాయితం అమలుచేయించుకునే సంఘం కూలీకి లేదు. నోరెత్తితే కాంట్రాక్టు పోయేది. స్థానిక కూలీలు సమ్మెకట్టినచోట సమ్మె విరగ్గొట్టడానికి వీళ్లనే దింపేవారు. పేదవాణ్ణి పేదవాడిమీదికి తోలడం యజమానులకు కొత్త విద్య కాదు.

ఇంటి లెక్క

ఈ చరిత్రలో ఇల్లు ఎక్కడుంది? మగవాడు ఆరునెలలు, ఏడాది లేకపోతే చేనుపని, పశువులు, ముసలివాళ్లు, అప్పులవాడు, అన్నీ ఆడమనిషి నెత్తిన పడ్డాయి. హలిస్కోలోని సాన్ మార్తిన్ దె హిదాల్గో కుటుంబాలమీద అనా ఎలిజబెత్ రోసాస్ చేసిన పరిశోధన ఈ సంగతిని విడమరిచి చెప్పింది. భర్త నుంచి ఉత్తరం రాకపోతే బతికున్నాడో, ఇంకొకరిని చేసుకున్నాడో తెలియని బతుకు. తండ్రిని ఫొటోలో గుర్తుపట్టే పిల్లలు. అమెరికా రైతు ఇచ్చింది ఒక్క మనిషి పనికి కూలి. ఆ మనిషిని పెంచిన ఖర్చు, జబ్బుపడితే చూసే ఖర్చు, ముసలితనాన సాకే ఖర్చు మెక్సికో పల్లెలోని ఇల్లు భరించింది. చవక కూలి అన్నమాటకు అసలు అర్థం ఇదీ.

దానికి తోడు 1942 నుంచి 1949 దాకా కూలిలో 10 శాతం పట్టుకున్నారు. తిరిగొచ్చాక పొదుపుగా ఇస్తామని మెక్సికో బ్యాంకులకు పంపారు. చాలామందికి ఆ సొమ్ము అందలేదు. అలాంటి సొమ్ము ఒకటి వుందనే కొందరికి తెలియదు. దశాబ్దాల తర్వాత ముసలి బ్రాసెరోలు, వాళ్ల వితంతువులు, పిల్లలు వీధికెక్కితే 2005లో మెక్సికో ప్రభుత్వం ఒక నిధి పెట్టి మనిషికి 38 వేల పెసోలు ఇస్తామంది. ఆనాటి కాంట్రాక్టు కాయితాలు చూపమంది. చూపలేనివాళ్లు నష్టపోయారు.

ఈ చరిత్రను మొదట రాసినవాళ్లలో ఎర్నెస్తో గలార్సా గురించి చెప్పుకోవాలి. 1905లో నయరిత్ కొండల్లోని హల్కొకొతాన్ అనే పల్లెలో పుట్టాడు. విప్లవకాలపు కల్లోలంలో తల్లి, మేనమామలతో కలిసి శాక్రమెంటో చేరాడు. ఫ్లూ మహమ్మారి తల్లిని, ఒక మేనమామను తీసుకుపోయింది. పొలాల్లో పనిచేస్తూ చదివి కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు దాకా పోయాడు. అక్కడితో ఆగకుండా పొలం కూలీల సంఘంలోకి తిరిగొచ్చాడు. 1956లో బ్రాసెరోల స్థితిమీద నివేదిక, 1964లో ‘మర్చంట్స్ ఆఫ్ లేబర్’ పుస్తకం రాశాడు. 1963 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని చుఆలార్ దగ్గర, కూలీలను శిబిరానికి తీసుకొస్తున్న వాహనాన్ని గూడ్సురైలు గుద్దింది. బస్సుగా మార్చిన ట్రక్కు అది. 32 మంది చనిపోయారు. దానిమీద విచారణ జరిపి నివేదిక ఇచ్చింది కూడా గలార్సాయే. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్లకు, చదువు ఎటు తిరగాలో ఆయన జీవితం చెబుతుంది.

గేటు మూసినా ఆగలేదు

1964లో కార్యక్రమం ఆగింది. అవసరం ఆగలేదు. వాళ్లే అవే పొలాలకు ఈసారి కాయితాల్లేకుండా పోయారు. నిన్నటి ‘అతిథి కూలీ’ ఇవాళ ‘చట్టవిరుద్ధుడు’ అయ్యాడు. తిరిగొచ్చిన మగవాళ్లకు పని చూపిస్తామని 1965లో సరిహద్దు వెంబడి ఫ్యాక్టరీలు పెట్టించారు. వాటిల్లో ఎక్కువగా పనికి తీసుకున్నది మగవాళ్లను కాదు, వయసు ఆడపిల్లలను. 1982లో దేశం అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. 1992లో 27వ అధికరణాన్ని సవరించి ఎహీదో భూమి అమ్మకానికి దారి తీశారు. 1994 జనవరి 1న అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వొచ్చింది. అమెరికా సబ్సిడీ మొక్కజొన్న మెక్సికో మార్కెట్‌ను ముంచింది. అదేరోజు చియపాస్‌లో ఆదివాసులు జపాతా పేరుతో తిరగబడ్డారు.

అదే 1994లో శాన్‌డియేగో దగ్గర సరిహద్దు కాపలా బిగించారు. సరుక్కి గేటు తీసి, మనిషికి మూశారు. దీని ఫలితం వింతగా వుంది. అంతకుముందు పంటకాలానికి పోయి పండక్కి ఇంటికొచ్చేవాళ్లు, మళ్లీ దాటలేమన్న భయంతో అక్కడే వుండిపోయారు. కుటుంబాలు కొన్ని వెంట పోయాయి, కొన్ని రెండుగా చీలాయి. 2023లో మెక్సికోకు వలసవాళ్లు పంపిన డబ్బు 6,300 కోట్ల డాలర్లు దాటింది. సర్కారు దీన్ని అభివృద్ధి అంటోంది. తల్లి చావుకు రాలేని కొడుకు ఈ అంకెలో కనపడడు.

‘వలసవాళ్లు’ అంటే అందరూ ఒకటే కాదు కూడా. స్పానిష్ పాలనలో మెక్సికోలో పుట్టుకనుబట్టి మనుషులను వర్గీకరించడానికి ‘కాస్తా’ అన్న మాట వాడారు. పోర్చుగీసువాళ్లు మనదేశంలో వాడిన అదే మాట నుంచి ఇంగ్లీషు ‘కాస్ట్’ వొచ్చింది. రెండు వ్యవస్థలూ ఒకటి కాదు, అయినా మాట ఒకటి కావడం ఆలోచించదగ్గది. ఓహాకా నుంచి పోయిన మిష్తెక్, జపోతెక్ ఆదివాసులను కాలిఫోర్నియాలో తోటి మెక్సికన్లే ‘ఓహాకీతా’ అని ఎగతాళి చేశారు. పిల్లలను బడిలో ఆ మాటతో పిలవకూడదని ఆక్స్‌నార్డ్ పాఠశాలల బోర్డు 2012లో తీర్మానం చేయవలసి వొచ్చింది. వలసపోయినంత మాత్రాన అంతస్తులు సరిహద్దు దగ్గర రాలిపోవు.

మనకు దీంతో ఏం పని?

తెలంగాణలో ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అన్న సామెతలాంటి మాట వుంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన దళిత, బహుజన కూలీ కూడా వొంటరిగానే పోయాడు. తక్కువ జీతగాడికి అక్కడ కుటుంబ వీసా లేదు. మన దగ్గర కూడా వాళ్లు పంపిన డబ్బుకే లెక్క వుంది.

బ్రాసెరోలు ఆలస్యంగానైనా ఏదో కొంత రాబట్టుకోగలిగారంటే, కాంట్రాక్టు కాయితాన్ని ట్రంకుపెట్టెలో దాచిన ఇల్లాలివల్ల. వాళ్ల మాటలను రికార్డు చేసి భద్రపరిచిన విద్యార్థులు, ఉపాధ్యాయులు కూడా అక్కడ వున్నారు. మన పల్లెల్లో ఆ ఉత్తరాలు, కెసెట్లు, ఏజెంటు రసీదులు, రద్దయిన పాస్‌పోర్టులు ఇంకా గూట్లో వున్నాయి. రేపు ఎవరైనా కాయితం చూపమంటే చూపగలగాలి. చెదలు పట్టకముందే వాటిని సేకరించే పని సంఘాలూ, చదువుకుంటున్న మనమూ పంచుకోవాలి.